పిల్లలకు మనం బాకీపడ్డ పగటి వెలుతురు

(స్మారకోపన్యాస పాఠం)



ఈ హైస్కూలు డ్రిల్లు మాస్టారి పేరిట జరిగే సభకు కంటి డాక్టరును ఎందుకు పిలిచారా అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. నాకు మాత్రం ఆ సంబంధం రోజూ కనిపిస్తూనే ఉంటుంది. నా మందుల బీరువాలో ఏ సీసా చెయ్యలేని పనిని మాస్టారు ఒక ఈలతో, ఒక బకెట్టు సున్నంతో, నాలుగు పాత బంతులతో చేశారు. ఏళ్ల తరబడి ఈ ఊరి పిల్లల్ని రోజూ పగటి వెలుతురులో నిలబెట్టారు. ఆయనకు కంటి శాస్త్రం తెలియదు. తాను చేస్తున్న పని కళ్లకు మేలు చేస్తుందని ఆయన అనుకుని ఉండరు. అయినా మేలు జరిగింది. ఆ మేలు ఏమిటో, దాన్ని మనం ఎలా పోగొట్టుకున్నామో చెప్పడమే ఇవాళ నా పని.

చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. ఫోను వచ్చింది కాబట్టి పిల్లలు ఆటలు మానేశారని మనం ఇళ్లలో, పెళ్లిళ్లలో, రైళ్లలో అనుకుంటూ ఉంటాం. నా గదికి వచ్చే తల్లిదండ్రులూ అదే అంటారు. నేను ఒప్పుకోను. ముందు మనం వాళ్ల ఆటస్థలం తీసుకున్నాం, డ్రిల్లు పీరియడు తీసుకున్నాం, సాయంత్రం తీసుకున్నాం. ఆ తరవాత ఖాళీగా మిగిలిన చేతుల్లో ఫోను పెట్టాం. ఈ వరస తారుమారైతే తప్పు పిల్లల మీదికి పోతుంది. వైద్యం కూడా తప్పుతుంది.

నా గదిలో తరచూ జరిగేది చెబుతాను. మూడో తరగతి చదివే పాప. బోర్డు మీద రాసింది కనిపించక పక్కపిల్ల పుస్తకంలో చూసి రాసుకుంటోందని టీచరు చీటీ పంపింది. కుర్చీలో కూచోబెడితే కాళ్లు నేలకు అందవు. అట్ట మీద పై అక్షరం చదువుతుంది, రెండో వరస చదువుతుంది, మూడో వరస దగ్గరికి వచ్చేసరికి కళ్లు చికిలించి మెడ ముందుకు చాపుతుంది. చుక్కల మందు వేసి, కంటిపాప విచ్చుకునేదాకా బయట కూచోబెట్టి, మళ్లీ పిలిచి చీకటి గదిలో రెటినోస్కోపు పడతాం. కంట్లో ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. చేతిలో దీపం కుడికి కదిపితే ఆ మెరుపు ఎడమకు పోతుంది. సైటు వచ్చిందన్నమాట. ఒక్కొక్క అద్దం అడ్డం పెట్టుకుంటూ పోతే, మైనస్ రెండున్నర దగ్గర ఆ కదలిక ఆగుతుంది.

"ఫోను వల్లేనా డాక్టరుగారూ?" అని తల్లి అడుగుతుంది. ఆ మాటలో భయం ఉంటుంది, తన మీద తనకే కోపం కూడా ఉంటుంది. నేను జవాబు చెప్పకుండా ఒక ప్రశ్న వేస్తాను. "అమ్మా, పాప సాయంత్రం ఎక్కడ ఆడుకుంటుంది?" కాసేపు మాట ఉండదు. తరవాత లెక్క బయటికి వస్తుంది. పొద్దున్న ఏడింటికి బడి వ్యాను. బడి వదిలేసరికి నాలుగున్నర. వ్యాను దిగి పాలు తాగి ట్యూషను. ఇంటికి వచ్చేసరికి చీకటి. ఆదివారం పొద్దున అబాకస్, సాయంత్రం బట్టల దుకాణమో బంధువుల ఇల్లో. ఇంట్లో ఫోను చూసేది రాత్రి అన్నం తినే ముందు ఒక గంట. ఆ గంటను తీసేస్తామని తల్లి మాట ఇస్తుంది. తీసేసినా ఆ పాప రోజులోకి ఎండ ఎక్కడినుంచి వస్తుంది? గడపకూ వ్యానుకూ మధ్య నడిచే నాలుగు అడుగుల్లో తప్ప ఆ పాప మీద వెలుతురు పడటం లేదు.

వెలుతురు అని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలి. పుట్టినప్పుడు మన కంటిగుడ్డు ముందునుంచి వెనక్కి సుమారు 17 మిల్లీమీటర్లు ఉంటుంది. పెద్దయ్యేసరికి 23, 24 మిల్లీమీటర్లకు చేరి ఆగాలి. ఆగాల్సిన చోట ఆగక ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పెరిగితే చాలు, రెండున్నర పైచిలుకు మైనస్ పవరు వచ్చేస్తుంది. దూరంనుంచి వచ్చే బొమ్మ రెటీనా మీద పడకుండా దాని ముందే ఏర్పడుతుంది. పెరిగిన గుడ్డు మళ్లీ తగ్గదు. కళ్లజోడు చూపును సరిచేస్తుంది తప్ప కంటిని సరిచెయ్యదు. పవరు మైనస్ ఆరు దాటితే లోపలి పొర సాగి పలచబడుతుంది. పెద్ద వయసులో రెటీనా ఊడటం, నీటికాసులు, చూపు నడిమధ్య మచ్చపడటం లాంటివి వాళ్లలో ఎక్కువ. అందుకే ఎనిమిదేళ్ల పిల్లకు వచ్చిన సైటు మమ్మల్ని కలవరపెడుతుంది. ఇంకా పెరిగే వయసు ఆమె ముందు చాలా ఉంది.

గుడ్డు ఎంతవరకు పెరగాలో కంటికి చెప్పే సంకేతాల్లో పగటి వెలుతురు ఒకటి. ఆరుబయటి వెలుతురు పడినప్పుడు రెటీనాలో డోపమిన్ విడుదలవుతుందని, అది గుడ్డు సాగడాన్ని నిదానపరుస్తుందని ఇప్పుడు చాలామంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. కోడిపిల్లల మీద, కోతుల మీద చేసిన ప్రయోగాల్లో గట్టి వెలుతురు సైటును అడ్డుకోవడం కనిపించింది. బాగా దీపాలు పెట్టిన తరగతి గదిలో వెలుతురు 300 నుంచి 500 లక్స్. బయట మబ్బు పట్టిన రోజు కూడా వేలల్లో ఉంటుంది. నడి ఎండలో లక్ష దాకా పోతుంది. గదిలో ఎన్ని దీపాలు పెంచినా ఆ తేడా పూడదు.

దీనికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం 2008లో అచ్చయింది. ఆస్ట్రేలియాలో క్యాథరిన్ రోజ్, ఇయాన్ మోర్గన్ తోటి పరిశోధకులతో కలిసి సిడ్నీలోనూ సింగపూర్‌లోనూ ఉన్న చైనా సంతతి పిల్లల్ని పోల్చి చూశారు. ఆరేడేళ్ల పిల్లలు. ఒకే జాతి. తల్లిదండ్రుల్లో కనీసం ఒకరికి సైటు ఉన్న పిల్లలు రెండు చోట్లా దాదాపు ఒకే నిష్పత్తిలో ఉన్నారు. సింగపూర్‌లో సైటు ఉన్న పిల్లలు 29.1 శాతం, సిడ్నీలో 3.3 శాతం. సిడ్నీ పిల్లలు తక్కువ చదివారా అంటే, లేదు. వారానికి వాళ్లే ఎక్కువ పుస్తకాలు చదివారు, దగ్గరగా చూసే పని కూడా మొత్తం మీద వాళ్లే ఎక్కువ చేశారు. తేడా ఆరుబయట గడిపిన సమయంలో ఉంది. వారానికి సిడ్నీ పిల్లలు 13.75 గంటలు, సింగపూర్ పిల్లలు 3.05 గంటలు. చదువు కోసం ఆట మానిపిస్తున్నాం అనే తల్లిదండ్రులకు ఈ లెక్క నేను కాగితం మీద రాసి ఇస్తాను.

ఆ తరవాత చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడుల్లో ఒక పరీక్ష చేశారు. ఆరు బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాల ఆరుబయటి పీరియడు అదనంగా పెట్టారు. మిగతా ఆరింటిని మామూలుగా వదిలేశారు. మూడేళ్లు గడిచేసరికి మామూలు బడుల్లో 39.5 శాతం మందికి కొత్తగా సైటు వచ్చింది, ఆరుబయటి పీరియడు ఉన్న బడుల్లో 30.4 శాతానికి. 2015లో ఫలితాలు వెలువడ్డాయి. గమనించండి, ఇది మందు కాదు, అద్దం కాదు. ఒక డ్రిల్లు పీరియడు. మాస్టారి పీరియడు. ఆ ఫలితాలు రాకముందే తైవాన్ ఇలాంటిదాన్ని దేశం మొత్తం మీద అమలు చేసింది. రోజుకు 120 నిమిషాలు పిల్లలు బయట ఉండాలని 2010లో కార్యక్రమం మొదలుపెట్టింది. ప్రాథమిక పాఠశాలల్లో చూపు తగ్గిన పిల్లలు 2011లో 50 శాతం ఉంటే 2015 నాటికి 46 శాతానికి దిగారు. దిగింది నాలుగు శాతమేనా అనకండి. అప్పటిదాకా ఏళ్లుగా పెరుగుతూ పోతున్న లెక్క అది.

మన సంగతి. 2002లో రెండు అధ్యయనాలు అచ్చయ్యాయి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో 7 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో సైటు 4.1 శాతం. ఢిల్లీ నగరంలో 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో 7.4 శాతం. 2015లో ఢిల్లీ బడి పిల్లల మీద ఎయిమ్స్ వాళ్లు వెలువరించిన లెక్క 13.1 శాతం. ఢిల్లీ లెక్కలు రెండూ తీసుకున్న పద్ధతి ఒక్కటి కాదు, కాబట్టి అచ్చంగా రెట్టింపు అని నేను అనను. దిశ మాత్రం ఎటో తెలుస్తూనే ఉంది. పాలమూరు పల్లెల్లో పేదరికం పిల్లల కళ్లను కాపాడిందని కూడా ఎవరూ అనుకోవద్దు. అక్కడ మేకల వెనక తిరిగిన పిల్లల్లో సైటు ఉన్నవాళ్లకు కళ్లజోడు కొనిచ్చే దిక్కు లేదు. ఎండ దొరికిన పిల్లలకు బడి దొరకలేదు, బడి దొరికిన పిల్లలకు ఎండ దొరకడం లేదు. రెండూ దొరకాలని అడగడం అత్యాశా?

ఇక ఫోను సంగతికి వస్తాను. తెర మీద నాకు పగ లేదు. మా వృత్తిలో తెలుగువాళ్లం తలెత్తుకుని చెప్పుకునే సంస్థ హైదరాబాదులోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర విజ్ఞాన సంస్థ. గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో స్థాపించిన ఆ సంస్థకు స్థలం, విరాళం ఇచ్చినవారు 'షావుకారు', 'మిస్సమ్మ' తీసిన దర్శకులు ఎల్.వి.ప్రసాద్. తెర సంపాదించి పెట్టిన డబ్బు లక్షల మందికి చూపైంది. మన ముందు తరంవాళ్లు టూరింగ్ టాకీసుకు పొలం గట్ల మీద నడుచుకుంటూ వెళ్లేవారు, ఇసకలో కూచుని ఎక్కడో దూరాన ఉన్న తెరను చూసేవారు, మళ్లీ వెన్నెల్లో నడుచుకుంటూ వచ్చేవారు. ఆ తెర నెలకు ఒకటో రెండో సాయంత్రాలు తీసుకునేది. జేబులో తెరకు అలాంటి హద్దు లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది, వీడియో ప్రతి ఇంటికీ వచ్చింది. 2020 మార్చిలో బడులు మూసేశాక, అప్పటిదాకా ముట్టుకోవద్దన్న ఫోనునే పిల్లల చేతికి ఇచ్చి ఇదే నీ బడి అన్నాం.

ఆ ఏడాది ఏం జరిగిందో చైనాలోని ఫెయ్‌చెంగ్ పట్టణం నుంచి ఒక లెక్క ఉంది. పిల్లలు జనవరి నుంచి మే దాకా ఇళ్లలోనే ఉండిపోయారు. బడులు తెరిచాక పరీక్ష చేస్తే ఆరేళ్ల పిల్లల్లో 21.5 శాతానికి సైటు కనిపించింది. అంతకుముందు అయిదేళ్లలో ఆ వయసుకు కనిపించిన గరిష్ఠం 5.7 శాతం. చుక్కల మందు వెయ్యకుండా చేసిన పరీక్ష అది, అందుకని కొంత తీసేసి చూద్దాం. అయినా చిన్న తేడా కాదు. తెర దగ్గరగా ఉండటం వల్లా, వెలుతురు లేకపోవడం వల్లా అంటే, ఇంట్లో ఉన్న పిల్లకు రెండూ ఒకేసారి జరుగుతాయి, విడదియ్యలేం. ఫోను చూసే ప్రతి గంటా బయట లేని గంటే. నా భయం అక్కడే ఉంది.

2024 అసర్ విద్యా నివేదిక ప్రకారం మన దేశపు పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోను వాడటం వచ్చు. అంతకుముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. ఇది పట్నం జబ్బు అని పల్లెలో కూచుని అనుకునే కాలం పోయింది.

ఆటస్థలం ఎలా పోయిందో కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే అది తనంతట తాను పోలేదు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని రాసి ఉంది. పట్నాల్లో నాలుగంతస్తుల అద్దె మేడలో బడి నడుస్తుంటే దాని ఆటస్థలం ఎక్కడుందో ఎవరూ అడగరు. అడగాల్సినవాళ్లలో తల్లిదండ్రులం మనమూ ఉన్నాం. ఏసీ ఉందా, స్మార్ట్ బోర్డు ఉందా అని అడిగి చేర్పిస్తాం. స్థలం ఉన్న బడుల్లో పీరియడు ఉండదు. టైంటేబుల్ మీద ఆటల గడి ఉంటుంది, పరీక్షలు దగ్గరికొస్తే ఆ గడిలోకి లెక్కల మాస్టారు వస్తారు. అపార్టుమెంటు సెల్లారంతా కార్లు, పైన టెర్రస్‌కు తాళం, గేటు దగ్గర 'ఇక్కడ బంతి ఆట నిషేధం' అన్న బోర్డు. ఊళ్లలో చెరువుగట్టు కింది ఖాళీ, గుడి వెనక ఖాళీ, బడి పక్కన ఖాళీ ప్లాట్లుగా మారాయి. ఈ ఒక్కటి కూడా పిల్లలు చేసింది కాదు.

ఆడపిల్లల మాట వేరే చెప్పాలి. మగపిల్లవాడికి ఆట పోయింది మైదానం పోయాక. ఆడపిల్లకు అంతకు చాలా ముందే పోయింది. తొక్కుడుబిళ్ళ, ఒప్పులకుప్ప ఆడుకునే వాకిలి ఇళ్ల నమూనాల్లోంచి మాయమైంది. పదకొండో పన్నెండో ఏడు రాగానే వీధిలో ఏం పని అని లోపలికి పిలిచేశాం. మాస్టారు ఆ రోజుల్లోనే ఆడపిల్లల చేత ఖోఖో ఆడించారు. పెద్దలు వచ్చి అభ్యంతరం చెబితే, మీరూ వచ్చి గట్టున కూచుని చూడండి అన్నారు. కొందరు వచ్చారు, చూశారు, రెండో ఏడు అభ్యంతరం చెప్పలేదు. ఈ సభలో ఉన్న ఆ జట్టు అమ్మాయిలు ఇప్పుడు అమ్మమ్మలు. వాళ్లు నా మాటకు సాక్ష్యం.

కన్ను ఒక్కటే పోగొట్టుకుంటే మందో మాకో చూసుకోవచ్చు. పోయింది అది ఒక్కటే కాదు. కర్రాబిళ్ళ గుర్తుచేసుకోండి, తెలంగాణ మిత్రులు చిర్రగోనె అంటారు. రెండు కొసలూ చెక్కిన బిళ్ళ. కొస మీద కర్రతో తడితే అది గాల్లోకి లేస్తుంది. లేచిన బిళ్ళ కింద పడేలోగా దాని ఎత్తు, వడి, తిరుగుడు కంటితో పట్టి రెండో దెబ్బ కొట్టాలి. కొట్టినవాడి చూపు చేతికి జానెడు దూరంలో మొదలై మరుక్షణం మైదానం చివర చింతచెట్టు దాకా పోతుంది. ఎదుటివాడు బిళ్ళ పట్టాలంటే సూర్యుడు ఏ పక్కనున్నాడో తెలియాలి, గాలి ఎటుందో తెలియాలి. తొండి చేసినవాడితో పోట్లాడి, పెద్దవాళ్ల దాకా పోకుండా తామే తీర్పు చెప్పుకుని, మళ్లీ ఆడాలి. ఫోనులో ఆట పోతే ఒక మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టవచ్చు. ఎదుటివాడి మొహం చూడాల్సిన అవసరం లేదు. పదేళ్ల వయసులో నేర్చుకోవలసిన రాజీ ఇరవై అయిదేళ్లకు నేర్చుకోవడం ఎంత కష్టమో, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల్ని చూస్తున్న మీకు నేను చెప్పక్కర్లేదు.

పిల్లల్ని ఆరుబయటికి నడిపించింది ఆటలే కాదు, పండగలు కూడా. దసరా నాడు పాలపిట్టను చూడాలని మన ఆచారం. పెద్దలు ఎందుకు పెట్టారో గాని, ఆ ఒక్క రోజు ఊరు ఊరంతా పిల్లల్ని వెంటబెట్టుకుని పొలిమేర దాటి చేలవైపు నడిచేది. కరెంటు తీగ మీదో, కంచె రాటల మీదో అది కదలకుండా కూచుంటుంది. కూచుని ఉన్నంతసేపు మట్టి రంగు పిట్ట. ఎగిరి రెక్క విప్పితేనే ఆ నీలం. ఆ నీలం కనిపించేదాకా ఎదురుచూడటం పిల్లలకు ఒక చదువు. ఇప్పుడు నగరాల్లో రెక్కలు కట్టేసి పంజరంలో పెట్టి ఇళ్ల ముందుకు తెస్తున్నారు, డబ్బిచ్చి దణ్ణం పెట్టుకుంటున్నాం. ఆ పిట్టను పట్టడం చట్టప్రకారం నేరం. డబ్బిచ్చి చూడటమూ కుదరనివాళ్లకు తెల్లవారేసరికి వాట్సాప్‌లో బొమ్మ వస్తుంది. బతుకమ్మకు గునుగు, తంగేడు కోసుకురావడానికి పొద్దున్నే బయల్దేరే పిల్లలు కూడా తగ్గిపోతున్నారు. పువ్వు బజారులో దొరుకుతోంది. ఆ పువ్వు ఏ గట్టున పూస్తుందో తెలిసిన పిల్లలు మాత్రం బజారులో దొరకరు.

ఎండలకు పిల్లల్ని ఎలా బయటికి పంపుతాం అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రోహిణికార్తెలో మధ్యాహ్నం రెండింటికి పంపమని ఏ డాక్టరూ చెప్పడు. తైవాన్‌లో ఆ 120 నిమిషాల కార్యక్రమం తరవాత జరిగిన అధ్యయనంలో నేరుగా ఎండ పడక్కర్లేదని, చెట్టు నీడలో ఉండే వెలుతురు కూడా పనిచేస్తుందని తేలింది. మన వేపచెట్టు, కానుగచెట్టు నీడ చాలు. పొద్దున్న తొమ్మిదింటిలోపు, సాయంత్రం నాలుగున్నర తరవాత చాలు. ఎండలు ముదిరినప్పుడు వరండా చాలు. వీధిలో బళ్లు, కుక్కలు, అపరిచితులు అన్న భయం కూడా నిజమే. దానికి మందు పిల్లల్ని లోపల పెట్టి తలుపు వెయ్యడం కాదు. పెద్దవాళ్లం కొందరం సాయంత్రం బయట కూచోవడం. అరుగులున్న రోజుల్లో ఆ కాపలా ఎవరూ చెప్పకుండానే జరిగిపోయేది.

పిల్లలకు సైటు ఇప్పటికే వచ్చి ఉంటే, చుక్కల మందులూ ప్రత్యేకమైన అద్దాలూ ఉన్నాయి, పెరుగుదలను కొంత నిదానపరుస్తాయి. ఏడాదికోసారి చూపించండి, కళ్లజోడు మాన్పించకండి. వచ్చిన సైటును ఆరుబయటి ఆట తగ్గించదు. రాకుండా చూడటంలో, వచ్చేదాన్ని వెనక్కి నెట్టడంలో దాని బలం. అందుకే తొందర. ఆరేళ్ల పిల్లవాడికి ఉన్న అవకాశం పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఉండదు.

ప్రధానోపాధ్యాయులవారు వేదిక మీదే ఉన్నారు కనక ఆయన ముందే అడుగుతున్నాను. టైంటేబుల్లో ఆటల పీరియడును ఆటలకే ఉంచండి, పదో తరగతికి కూడా. సాయంత్రం బడి వదిలాక ఆరున్నర దాకా గేటు తెరిచి ఉంచండి, ఈ బడి పిల్లలకే కాదు, ఊళ్లో ఏ బడి పిల్లలకైనా, ఆడపిల్లలకు ముఖ్యంగా. కాపలా మనిషి జీతం, తాగునీళ్ల ఖర్చు పూర్వ విద్యార్థులం భరిద్దాం. వారానికి ఒక సాయంత్రం చొప్పున వచ్చి గట్టున కూచోగలిగిన పెద్దలు పేర్లు రాయించండి. ఫోను ఇంట్లో పెట్టి రండి. సభ అయ్యాక స్టాఫ్ రూములో కాగితం పెడుతున్నాం. మొదటి పేరు నాది, నా వంతు బుధవారం.